లేజర్ మాస్ట్: లోపం అందరికీ ఒకటే, ఖర్చు ఒకటి కాదు

లేజర్ అనే, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ మాస్ట్ ఎక్కడ విరుగుతుందని ఏ సెయిలర్‌ని అడిగినా ఒకే చోటు చూపిస్తారు. తెరచాపని మోసే ఆ స్తంభం రెండు ముక్కలు. పై గొట్టం కింది గొట్టంలో దిగి కూర్చుంటుంది. ఎంతవరకు దిగాలో అక్కడ ఆపడానికి పైముక్కకి ఒక ప్లాస్టిక్ కాలర్ ఉంటుంది. ఆ కాలర్ జారకుండా రివెట్ కొడతారు. రివెట్ కోసం గొట్టానికి బెజ్జం పెడతారు. గాలి గట్టిగా వీచినప్పుడు మాస్ట్ మీద ఎక్కువ భారం పడేది సరిగ్గా ఆ జాయింటు దగ్గరే. బలం ఎక్కడ కావాలో అక్కడే బెజ్జం అన్నమాట.

మా బావకి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు ఉంది. వాళ్ళబ్బాయి, అంటే నా మేనల్లుడు, ఇంటర్ చదువుతూ ఇదే పడవ చిన్న తెరచాపతో నడుపుతున్నాడు. వాడి పైముక్క విరిగితే రెండు తుంపులూ షాపుకి పట్టుకెళ్ళాను. బావ చేతిలో పని పక్కన పెట్టి, విరిగిన అంచుని గుడ్డతో తుడిచి, ట్యూబ్‌లైటు కిందికి తిప్పి చూశాడు. బెజ్జం దగ్గర్నుంచి రెండు వైపులా కొంతమేర అంచు నల్లబడి నున్నగా ఉంది. మిగతాది గరుగ్గా, కొత్తగా మెరుస్తోంది.

"ఇది నిన్న విరిగింది కాదురా. ఈ నల్లగా ఉన్నదంతా చాన్నాళ్ళుగా కొంచెం కొంచెం చీలుతూ వచ్చింది. మెరిసేది మాత్రమే నిన్నటిది. లాగినప్పుడల్లా సాగే వైపు బెజ్జం పెడితే ఇంతే. ఎవడు పెట్టాడు ఈ బెజ్జం?" అన్నాడు.

ఆ ప్రశ్న మీదే మా ఇద్దరికీ వాదన మొదలైంది, ఇంకా నడుస్తూనే ఉంది. అందులో నాకు తేలిన సంగతి రాద్దామని ఇది.

ముందు మాస్ట్ అలా విరగడానికి కారణం చెప్పాలి. కెనడాకి చెందిన బ్రూస్ కిర్బీ గీసిన ఈ పడవ 1971లో బజారులోకి వచ్చింది. పొడవు 4.2 మీటర్లు, ఖాళీ పడవ బరువు 59 కిలోలు. కారు మీద కట్టుకుని చెరువు దగ్గరికి తీసుకెళ్ళి సరదాగా నడుపుకోవడానికి చేసింది. అదే పడవ 1996లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. 2008 నుంచి అమ్మాయిలకీ ఒలింపిక్స్‌లో ఇదే, కొంచెం చిన్న తెరచాపతో. మన విష్ణు శరవణన్, నేత్ర కుమనన్ టోక్యోలో, పారిస్‌లో పోటీపడింది దీంతోనే. 2019లో పేరు ఐఎల్‌సీఏ అయింది గానీ మనవాళ్ళ నోట్లో ఇంకా లేజరే. సరదా పడవ మీద ఒలింపిక్ స్థాయి భారం వేశారు. తెరచాప అడుగున ఉండే అడ్డ గొట్టాన్ని బూమ్ అంటారు. దాన్ని కిందికి బిగించే వాంగ్ అనే తాడుకి మొదట్లో కప్పీలు తక్కువ, గట్టిగా లాగాలంటే కండబలం కావాలి. 2000ల మొదట్లో కప్పీలు పెంచుకోనిచ్చారు. అప్పట్నుంచి బక్కపిల్లాడు కూడా మాస్ట్‌ని పూర్తిగా వంచేయగలడు. లాగే తాడు మారింది, వంగే గొట్టం మారలేదు. 4.7 చదరపు మీటర్ల పిల్లల తెరచాపకైనా, 7.06 చదరపు మీటర్ల పెద్ద తెరచాపకైనా పైముక్క ఒకటే.

బావ వాదన సూటిగా ఉంటుంది. "అదే సైజు, అదే మందం అల్యూమినియం గొట్టం నేను తెప్పిస్తాను. కాలర్ నేను తిప్పిస్తాను. రివెట్ లేకుండా గట్టిగా అతికిస్తాను. సాయంత్రానికల్లా నీ చేతిలో పెడతాను. ఎందుకు కుదరదు?"

కుదరదు, ఎందుకంటే ఈ క్లాసులో, అంటే ఒకే రకం పడవలు పోటీపడే ఈ విభాగంలో, కొలతలు సరిపోతే చాలదు. పడవ, మాస్ట్, తెరచాప అన్నీ అనుమతి ఉన్న తయారీదారు నుంచే రావాలి. ఈ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. గొట్టాలు ఎవరికి వాళ్ళు చేయించుకోవచ్చంటే ముందుగా బాగుపడేది మా బావ కాదు, ఎక్కడో డబ్బున్న జట్టు. గొట్టం మందంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా మాస్ట్ వంపు మారుతుంది, వంపు మారితే తెరచాప ఆకారం మారుతుంది, ఆకారం మారితే వేగం మారుతుంది. ఒకరి బరువుకి తగ్గట్టు ఒక గొట్టం, ఇంకొకరి బరువుకి ఇంకో గొట్టం అంటూ పోతే మా మేనల్లుడు రేసు మొదలవకముందే ఓడిపోతాడు. పడవలన్నీ ఒకటే అయినప్పుడే నడిపేవాడి ప్రతిభ బయటపడుతుంది. ఈ ఆట మీద నాకు ఇష్టం కలిగిందే దానివల్ల.

కానీ ఈ నియమం అడ్డం పెట్టి ప్రతి లోపాన్నీ "అందరికీ ఒకటే కదా" అనేవాళ్ళతో నాకు పడదు. హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకునే రోజుల నుంచీ ఈ మాట వింటున్నాను. లేజర్‌లో లోపాలు రెండు రకాలు. వాటిని ఒకే గాటన కట్టకూడదు.

మొదటి రకానికి మంచి ఉదాహరణ వెనక మూల. గాలి వెనక నుంచి వస్తుండగా తెరచాపని ఒక పక్క నుంచి రెండో పక్కకి మార్చడాన్ని జైబ్ అంటారు. ఆ క్షణంలో బూమ్‌ని లాగి పట్టే మెయిన్‌షీట్ తాడు వదులై, వంకీ తిరిగి పడవ వెనక మూలకి తగులుకుంటుంది. బూమ్ ఆగిపోతుంది, పడవ పక్కకి ఒరుగుతుంది, మనిషి నీళ్ళలో ఉంటాడు. డిజైన్‌లో ఇది కచ్చితంగా లోపమే. అయినా దాన్ని ముట్టుకోవద్దంటాను. బూమ్ దాటే ముందు తాడుని చేత్తో ఒక్క విసురు విసిరితే వంకీ పడదు. ఆ విసురు ఎప్పుడు, ఎంత అన్నది సాధనతో వస్తుంది, డబ్బుతో రాదు. పున్నమి ఘాట్ దగ్గర ఆషాఢంలో పడమటి గాలి నది వెంబడే దూసుకొస్తుంటే మేనల్లుడు ఆ విసురు నేర్చుకోవడం ఒడ్డున నిలబడి చూశాను. ఆ లోపాన్ని తీసేస్తే వాడు నేర్చుకున్నదాన్ని కూడా తీసేసినట్టే.

రెండో రకం ఆ బెజ్జం. దాన్ని ఏ సాధనా జయించలేదు. ఎంత బాగా నడిపితే అంత తొందరగా విరుగుతుంది, ఎందుకంటే బాగా నడిపేవాడే వాంగ్ గట్టిగా బిగిస్తాడు. విరగకపోయినా వంగుతుంది. శాశ్వతంగా వంగిన మాస్ట్‌ని వాడకూడదని నియమం. దాంతో అందరూ గొట్టాన్ని రెండు దుంగల మధ్య పెట్టి వెనక్కి వంచి సరిచేస్తుంటారు. అలా వంచిన ప్రతిసారీ లోహం ఇంకాస్త అలిసిపోతుంది.

మన కృష్ణలో ఇంకో ఇబ్బంది ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర పూర్తి నీటిమట్టం 12 అడుగులు. పెద్ద తెరచాప మాస్ట్ 18 అడుగులు దాటుతుంది. పడవ పూర్తిగా తిరగబడితే మాస్ట్ కొన ఇసుకలో దిగబడుతుంది. భవానీ ద్వీపం ఒడ్డున అయితే చెప్పక్కర్లేదు. అప్పుడు పైముక్క మీద పడే భారం ఏ గాలీ వేయలేనిది. (మాస్ట్ కూర్చునే గుంటలో ఆ ఇసుకే చేరి, మాస్ట్ తిరిగినప్పుడల్లా లోపలి గోడని అరగదీస్తుంది. నదిలో నడిపేవాళ్ళు మాస్ట్ పెట్టేముందు ఆ గుంటని మంచినీళ్ళతో కడగండి. అప్పుడప్పుడు దాన్ని నీళ్ళతో నింపి, మట్టం తగ్గుతోందేమో చూడండి. తగ్గితే పడవ లోపలికి కారుతున్నట్టే.)

విరిగాక ఏమవుతుంది? యూరప్‌లో పోటీపడే కుర్రాడికి రేసు జరిగే చోటే కొత్త ముక్క దొరుకుతుంది. బెజవాడ కుర్రాడికి అది బయటి దేశం నుంచి రావాలి, దిగుమతి సుంకం పడాలి, అంత పొడవు గొట్టం వంగకుండా లారీలో దిగాలి. ఈలోపు గాలి బాగున్న కాలం అయిపోతుంది. లోపం ఇద్దరికీ ఒకటే, నష్టం మాత్రం మనవాడికే. పైగా ఆ భయం నీటి మీద కూడా పనిచేస్తుంది. ముక్క విరిగితే ఇంట్లో ఎంత ఖర్చో తెలిసిన పిల్లాడు గాలి పెరిగినప్పుడు వాంగ్ కొంచెం వదులుగానే ఉంచుతాడు. మా వాడు అలా ఉంచడం చూశాను. ఆ కాస్త వదులుతోనే వెనకబడతాడు. అప్పుడు గెలిచింది ప్రతిభ అని ఎలా అంటాం?

2017 ప్రాంతంలో క్లాసు సంఘం కార్బన్ ఫైబర్ పైముక్కని అనుమతించింది. వంపు పాతదానికి దగ్గరగా ఉండేలా చేశారు, శాశ్వతంగా వంగిపోదు, పాత అల్యూమినియం వాడుకునేవాళ్ళని ఆపలేదు. మార్పు చేయాల్సిన తీరు అదే. నా కోపం ఆలస్యం మీద. ఒలింపిక్స్‌లోకి వచ్చాక కూడా ఇరవై ఏళ్ళు ఒక తెలిసిన పగులుకి సెయిలర్లే డబ్బు కట్టారు. కార్బన్ ధర కూడా తక్కువ కాదు. దీర్ఘకాలంలో అదే చవకన్నది నిజమే, కానీ ఆ డబ్బు ఒకేసారి తీయగలిగినవాళ్ళకే ఆ చవక.

ఈ క్లాసులో నియమం మారాలంటే సభ్యుల ఓటు, ఈ ఆట అంతర్జాతీయ సమాఖ్య అయిన వరల్డ్ సెయిలింగ్ ఆమోదం కావాలి. అందుకే మన దగ్గర లేజర్ నడిపేవాళ్ళందరికీ ఒక్క మాట చెబుతున్నాను: క్లాసు సభ్యత్వం తీసుకోండి, ఓటు వేయండి. అల్యూమినియం ముక్క తయారీ కొనసాగినంత కాలం కాలర్‌ని రివెట్ లేకుండా బిగించే పద్ధతి ఫ్యాక్టరీలోనే మొదలుపెట్టమని అడుగుదాం. బావ దానికి కొలతలతో బొమ్మ గీస్తున్నాడు. వాదనలో ఓడిపోయానని మాత్రం ఇంకా ఒప్పుకోవట్లేదు, ఆ గొట్టం తనే చేస్తానంటున్నాడు. ఇక్కడ నడిపేవాళ్ళం కలిసి డబ్బు వేసుకుని ఒక కార్బన్ పైముక్క ఉమ్మడిగా కొని పెట్టుకుందామని కూడా అనుకుంటున్నాం. ఎవరిది విరిగితే వాళ్ళు తీసుకుని ఆ సీజన్ పూర్తి చేస్తారు. గుంటూరు, విజయవాడల్లో ఈ పడవ ఉన్నవాళ్ళు వానాకాలం గాలి మొదలయ్యేలోపు చెప్పండి, మిమ్మల్నీ కలుపుకుంటాం.