ఇంట్లో ఉండి చూసే మనిషి ఎప్పుడు నిద్రపోవాలి?

మంచం పట్టిన పెద్దవాళ్ళను చూసుకోవడానికి ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టుకునేటప్పుడు జీతం ఎంత, కమీషను ఎంత, ఆధార్ కార్డు ఉందా, ఇంతకుముందు ఎక్కడ చేసింది అని అన్నీ అడుగుతాం. రాత్రి ఎవరు మెలకువగా ఉండాలన్న విషయం మాత్రం ఒప్పంద పత్రంలోనూ ఉండదు, మాటల్లోనూ రాదు. ఇరవై నాలుగు గంటలకూ కలిపి డబ్బు కడుతున్నాం కాబట్టి అది ఆమె పనే అనుకుంటాం. మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయినప్పటి నుంచి హైదరాబాద్‌లోని మా ఇంట్లో ఒకరి తరువాత ఒకరు అటెండెంట్లు పనిచేశారు. వాళ్ళలో కొందరు జీతం చాలక కాదు, నిద్ర చాలక మానేశారు.

లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. తనంతట తాను కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలని వైద్యులు చెబుతారు. అలా చేయకపోతే నడుము కింది ఎముక మీద, తుంటి మీద, మడమల మీద ఒత్తిడి పడి, అక్కడ రక్తప్రసారం తగ్గి, చర్మం ముందు ఎర్రబడి తరువాత పుండు పడుతుంది. గాలి పరుపు వేసినా ఈ పని తప్పదు. రెండు గంటలకోసారి అంటే రోజుకు 12 సార్లు, అందులో కనీసం నాలుగు సార్లు ఇంటిల్లిపాదీ నిద్రపోయే వేళలోనే వస్తాయి. డైపర్ మార్చడం, దాహానికి నీళ్ళివ్వడం, నిద్రపట్టని పెద్దావిడ ఊరికే పిలిచినా పలకడం దీనికి అదనం. పగలంతా స్నానం, తిండి, మందులు, వ్యాయామం చేయించిన మనిషే రాత్రి ఇన్నిసార్లు లేస్తే, కొద్ది రోజుల్లోనే ఆమె పని సడలుతుంది. ఒక పూట మాత్ర తప్పుతుంది, మరో పూట తొందరగా తినిపించడం వల్ల పొలమారుతుంది.

అందుకే మా ఇంట్లో రాత్రిని పంచుకున్నాం. పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఒత్తిగిలించడం మా వారిదీ నాదీ, మధ్యలోవి ఆమెవి. మధ్యాహ్నం భోజనం తరువాత ఆమె వేరే గదిలో తలుపు వేసుకుని పడుకుంటుంది, ఆ వేళ అత్తగారి పిలుపు నేను చూసుకుంటాను. వేరే గది అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. రోగి మంచం పక్కనే చాప వేసుకుని పడుకునే మనిషి కళ్ళు మూసుకున్నా, చెవి మంచం మీదే ఉంటుంది.

రెండో విషయం, ఎవరు ఏ పని చేయాలన్నది. ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం అనే నర్సింగ్ కోర్సులు చదివిన నర్సులు వేరు, అటెండెంట్లు వేరు. వాళ్ళకిచ్చే డబ్బులోనూ తేడా ఉంటుంది. ముక్కు ద్వారా ఆహారం పంపే గొట్టం వేయడం, మూత్రపు గొట్టం మార్చడం, పుండుకు కట్టు కట్టడం నర్సు చేయవలసిన పనులు. డబ్బు ఆదా అవుతుందని అవన్నీ అటెండెంటు చేతనే చేయించే ఇళ్ళు నేను చూశాను, అది రోగికీ ప్రమాదమే, ఆమెకూ అన్యాయమే. అటెండెంటుకు మనం నేర్పవలసినవీ, గట్టిగా పట్టుబట్టవలసినవీ వేరే ఉన్నాయి: తినిపించేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉంచి, తిన్నాక కనీసం అరగంట అలాగే కూర్చోబెట్టడం, మూత్రపు సంచిని ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందికి ఉంచడం, పడిపోయిన వైపు చేతిని పట్టుకుని లాగి లేపకపోవడం. ఈ చివరిది చాలామందికి తెలియదు. పక్షవాతం వచ్చిన భుజంలో కండరాల పట్టు తగ్గుతుంది కాబట్టి చేయి లాగితే కీలు జారే అవకాశం ఉంది. ఫిజియోథెరపిస్టు వచ్చిన రోజున అటెండెంటును పక్కన నిలబెట్టి, ఆమె నడుముకు దెబ్బ తగలకుండా రోగిని ఎలా లేపాలో కూడా చూపించమని అడగండి.

విదేశాల్లో ఉన్న పిల్లలు కెమెరా పెట్టించమంటారు. దూరాన ఉన్నవాళ్ళ బెంగ నాకు అర్థమవుతుంది, కానీ స్నానమూ డైపరూ జరిగే మంచం మీదికి తిప్పిన కెమెరా చూసుకునే మనిషితో పాటు మంచం మీది మనిషినీ అవమానిస్తుంది. మా ఇంట్లో కెమెరా హాలు వరకే. దానికి బదులు ఒక నోటు పుస్తకం ఉంది: ఎన్నింటికి ఏ పక్కకు తిప్పారు, ఎంత తిన్నారు, మూత్రం ఎంత, విరేచనం అయిందా, ఏ మాత్ర వేశారు. వారానికోసారి ఆ పేజీలు ఫొటో తీసి అందరికీ పంపుతాను.

ఖర్చు సంగతికి వస్తే, ప్రభుత్వం వైపు నుంచి వచ్చే ఆసరా తక్కువే. 70 ఏళ్ళు దాటిన వారందరికీ 2024లో విస్తరించిన ఆయుష్మాన్ భారత్ ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రిలో చేరినప్పటి చికిత్సకు వర్తిస్తుంది, ఇంట్లో పెట్టుకున్న అటెండెంటు జీతానికి కాదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అది పిల్లల నుంచి ఇప్పించగల భరణానికి నెలకు 10,000 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. ఇంట్లోనే ఉండి చూసే మనిషికి హైదరాబాద్‌లో ఒక నెలకు ఆ మొత్తం చాలదు. ఎవరూ పట్టించుకోని పెద్దవాళ్ళ గురించి చెప్పడానికి, సలహా అడగడానికి 14567 అనే హెల్ప్‌లైన్ ఉంది. ఆ నంబరు మాత్రం రాసి పెట్టుకోవలసినదే.

సెలవుల గురించి ముందే మాట్లాడుకోవాలి. ఇప్పుడు మా ఇంట్లో ఉన్న ఆమెది శ్రీకాకుళం వైపు ఊరు, పిల్లలు అక్కడే అమ్మమ్మ దగ్గర చదువుకుంటున్నారు. మా అత్తగారిని "పెద్దమ్మగారూ" అంటూ చూసుకునే ఈమె, తన తల్లికి ఒంట్లో బాగాలేదంటే ఫోనులోనే మందులు చెబుతుంది. సంక్రాంతికి ఊరెళ్ళకుండా ఉండమని ఆమెను అడగడం నాకు చేతకాదు. ఆ వారంలో ఏజెన్సీలో బదులు మనిషి దొరకడం కూడా కష్టం, ఎందుకంటే నగరమంతా అప్పుడే ఊళ్ళకు కదులుతుంది. అందుకే మా మరిది న్యూజెర్సీ నుంచి రావడం ఈసారి సంక్రాంతి వారానికే పెట్టుకున్నాడు. రాత్రి ఒంటిగంటకూ మూడింటికీ ఒత్తిగిలించే వంతు అతనిది. అతనొచ్చిన తొలి రెండు రోజుల్లో, ఆమె రైలెక్కేలోగా, ఆ పని ఆమే నేర్పుతుంది.