అక్క ఓడిన వారం, ఊసవానిపేట దాకా

విజయనగరంలో పొద్దున్నే పాసింజరెక్కాం, నేనూ పిల్లలిద్దరూ. పెద్దదానికి పదహారు, చిన్నదానికి పద్నాలుగు. ఎప్పుడూ కిటికీ పక్క సీటు కోసం కొట్టుకునేవాళ్ళు ఆవేళ "నువ్వు కూచో" అంటే "లేదు, నువ్వే కూచో" అనుకున్నారు. ఆ మర్యాద చూసి నా ప్రాణం ఉసూరుమంది. వారం కిందట ఒక జూనియర్ టోర్నీ ఫైనల్లో ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. చిన్నది గెలిచింది. ఇంటికొచ్చి కప్పుని బీరువాలో నా చీరల కింద పెట్టేసింది. అప్పట్నుంచి ఇంట్లో టెన్నిస్ మాట లేదు.

నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటాయి. తాటిచెట్లూ కోతలైపోయిన చేలూ తప్ప మా మధ్య మాటేమీ నడవలేదు. చివరికి నేనే అమెరికా టెన్నిస్ అక్కచెల్లెళ్ళు వీనస్, సెరెనాల సంగతెత్తాను. వాళ్ళకి తెలీదని కాదు, వాళ్ళ గదిలో గోడమీద ఆ ఇద్దరి బొమ్మ ఉంది. కానీ పిల్లలకి కప్పుల లెక్కలే తెలుసు. టెన్నిస్‌లో అన్నిటికన్నా పెద్దవైన నాలుగు టోర్నీల్ని గ్రాండ్ స్లామ్‌లంటారు. చెల్లెలు సెరెనాకి సింగిల్స్‌లో అవి 23, అక్క వీనస్‌కి 7. అక్కడితో సరి.

నాకు చెప్పాలనిపించింది వేరు. 2002 ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్, ఆ తర్వాత 2003 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. నాలుగింటిలోనూ గెలిచింది సెరెనా. నాలుగు ఫైనళ్ళలోనూ నెట్‌కి అవతల ఉన్నది వీనసే. అంతకు ముందు ఏడాది యూఎస్ ఓపెన్ ఫైనల్లో చెల్లెల్ని ఓడించిన వీనస్, తర్వాత వరసగా నాలుగు పెద్ద ఫైనళ్ళు ఆ చెల్లెలికే పోగొట్టుకుంది. నేను అప్పుడు టీవీలో సెరెనాని చూడలేదు. అక్క మొహమే చూశాను. అదే 2002 వింబుల్డన్‌లో ఇద్దరూ ఒకే పక్కన నిలబడి డబుల్స్ కప్పు కూడా గెలిచారు. ఆడిన గ్రాండ్ స్లామ్ డబుల్స్ ఫైనళ్ళు 14, గెలిచినవి 14. ముందురోజు ఓడించిన మనిషికి మర్నాడు బంతి అందివ్వడానికి ఎంత గుండె కావాలో, ఇద్దరు ఆడపిల్లల తల్లిగా నాకిప్పుడు తెలుస్తోంది.

పెద్దది కిటికీలోంచి బయటికే చూస్తోంది. వింటోందని మాత్రం తెలుసు.

దూసి దాటాక నాగావళి వంతెన. నీరు తక్కువగా ఉంది, ఇసుక తెల్లగా మెరుస్తోంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగాం. పేరు శ్రీకాకుళానిదే గానీ ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ ఆటో మాట్లాడుకుని ఊసవానిపేట వెళ్ళాం. కరణం మల్లీశ్వరి పుట్టిన ఊరది. వాళ్ళ అక్క నరసమ్మ కూడా బరువులెత్తిన మనిషే. అందుకే పిల్లల్ని ఇక్కడికి తీసుకురావాలనిపించింది.

2000 సెప్టెంబరు 19, సిడ్నీ. 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (బరువుని ఒక్క ఊపులో తలపైకెత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి మల్లీశ్వరి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. క్లీన్ అండ్ జెర్క్ చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకి వెళ్ళారు, అది నిలవలేదు. స్వర్ణానికీ ఆవిడకీ తేడా రెండున్నర కిలోలే. అదే సిడ్నీలో, కొద్దిరోజుల తేడాలో, వీనస్ సింగిల్స్ స్వర్ణం గెలిచి, చెల్లెలితో కలిసి డబుల్స్ స్వర్ణమూ గెలిచింది. ఈ సంగతి ఊరి మొదట్లో ఆటో దిగుతూ చెప్తే చిన్నది ఆగి నా మొహంలోకి చూసింది.

ఊళ్ళో మేం చూసింది మామూలు వీధులే. కళ్ళాల్లో ధాన్యం, అరుగుల మీద ముసలాళ్ళు. ఒక మామ్మ మమ్మల్ని పిలిచి మంచినీళ్ళిచ్చింది.

"ఎక్కడ్నించొచ్చినారమ్మా? పిల్లలిద్దరూ అప్పచెల్లెళ్ళేనా?"

అవునన్నాను. మా వైపు పెద్దవాళ్ళు అక్కని అప్ప అనే అంటారు. టెన్నిస్ ఆడతారని చెప్పాను.

"ఐతే మీ ఇద్దర్లో ఎవులు బాగా ఆడతారే?"

నేను గ్లాసు కిందపెట్టలేదు. వారంరోజులుగా మా ఇంట్లో ఎవరూ నోట తేని మాట అది. చిన్నది తలొంచుకుంది. పెద్దది మాత్రం తడుముకోకుండా, "సర్వ్ నాది మామ్మా. పరుగు దానిది" అంది.

మామ్మకి అది ఎంత అర్థమైందో గానీ, "ఐతే ఇద్దరూ ఒక పక్కన ఆడండి" అని ఇద్దరి చేతుల్లో చెరో బెల్లం ముక్క పెట్టింది.

తిరుగు రైల్లో జనం ఎక్కువ. ఒకే సీటు దొరికితే పిల్లలిద్దరూ అందులోనే ఇరుక్కుని కూచున్నారు. నాగావళి వంతెన మీదికి వచ్చేసరికి పెద్దది అడిగింది, "అమ్మా, ఆ 2003 ఆస్ట్రేలియన్ ఫైనల్, మూడో సెట్ ఎంత?"

"6-4."

కాసేపు నదిని చూసింది. "మాది 7-5" అంది.

"నీకు మధ్యలో 5-4 ఉంది," అంది చిన్నది.

"తెలుసు. ఆ రెండో సర్వ్ మెల్లగా వేశాను. నువ్వు ముందుకొచ్చేశావ్."

ఇద్దరూ ఆ ఒక్క గేమ్ గురించి పొందూరు దాకా కొట్టుకుంటూనే ఉన్నారు.