వీధి దీపాల ఖర్చుకు ఓటు

గత వేసవిలో మా నగరపాలక సంస్థ నుంచి వచ్చిన ఒక కవరును ప్రకటనల కాగితాలతో కలిపి చెత్తబుట్టలో పడేయబోయాను. తీరా విప్పి చూస్తే అందులో ఉన్నది ఓటు పత్రం. మా పేటలో వీధి దీపాల నిర్వహణకు, రోడ్డు మధ్యనున్న చెట్ల పోషణకు ఇంటికింత చొప్పున వసూలు చేసే అసెస్‌మెంటును పెంచడానికి యజమానిగా నాకు సమ్మతమా కాదా అని అడిగారు. కాలిఫోర్నియాలో ఇల్లు కొని పదేళ్లు దాటింది, ఏటా రెండు వాయిదాలలో ఆస్తి పన్ను కడుతూనే ఉన్నాను. అయినా బిల్లు అడుగున వేరుగా ఉండే ఆ వరుసలు ఏమిటో ఎన్నడూ శ్రద్ధగా చదవలేదు.

బిల్లు పైభాగంలో ఉండేది అసలైన ఆస్తి పన్ను. ఇంటి విలువను బట్టి లెక్కగట్టే ఈ మూల పన్ను, 1978లో ప్రజలు ఓటేసి ఆమోదించిన ప్రపోజిషన్ 13 అనే రాష్ట్ర రాజ్యాంగ సవరణ ప్రకారం, మదింపు విలువలో 1 శాతానికి మించరాదు; ఆ మదింపు విలువ కూడా, ఇల్లు చేతులు మారితేనో కొత్తగా కడితేనో తప్ప, ఏడాదికి 2 శాతానికి మించి పెరగరాదు. అడుగున ఉండే అసెస్‌మెంటుకు ఇంటి విలువతో పని లేదు. ఫలానా పని వల్ల ఫలానా స్థలానికి ఎంత మేలు జరిగిందన్నదే దానికి కొలమానం. పన్ను ఎవరైనా కట్టాల్సిందే, ప్రతిఫలం లెక్క అడగడానికి లేదు. అసెస్‌మెంటులో ఆ లెక్క చూపకుండా వసూలు చేయడానికి లేదు.

ఈ నియమం వెనుక ఒక పాత వ్యాజ్యం ఉంది. ఒహాయో రాష్ట్రంలో సిన్సినాటి పక్కనున్న నార్‌వుడ్ అనే గ్రామం ఒక మహిళ స్థలం మధ్య నుంచి వీధి వేయదలచి, ఆ మేరకు భూమి తీసుకుని 2,000 డాలర్ల పరిహారం చెల్లించింది. ఆ తరువాత, వీధి వల్ల మిగిలిన స్థలానికి విలువ పెరిగిందంటూ, ఆ పరిహారాన్నీ దానికైన ఖర్చులనూ కలిపి ఆమె మీదనే అసెస్‌మెంటుగా వేసింది. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో లాక్కోవడమంటే ఇదే. కలిగిన ప్రత్యేక ప్రయోజనాన్ని గణనీయంగా మించి వసూలు చేస్తే అది పరిహారం లేకుండా ఆస్తిని లాక్కోవడమే అవుతుందని 1898లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రపోజిషన్ 13 తరువాత ఆస్తి పన్ను ఆదాయం తగ్గిన కాలిఫోర్నియా నగరాలు ఈ అసెస్‌మెంట్ల వైపు బాగా మళ్లాయి. వీధి దీపాలకు, పార్కులకు, చెట్లకు ఖర్చు రాబట్టుకోవడానికి 1972 నాటి చట్టం ఒకటి అప్పటికే సిద్ధంగా ఉంది. ఇలా వరుసలు పెరుగుతూ పోవడంతో, 1996 నవంబరులో ఓటర్లు ప్రపోజిషన్ 218 అనే మరో రాజ్యాంగ సవరణను ఆమోదించి దీనికీ ముకుతాడు వేశారు. ఇప్పుడు కొత్త అసెస్‌మెంటు వేయాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా అర్హత గల ఇంజనీరు నివేదిక ఉండాలి. ప్రతి యజమానికి నోటీసు, ఓటు పత్రం పంపి, కనీసం 45 రోజుల తరువాత బహిరంగ విచారణ జరపాలి. ప్రభుత్వ స్థలాలైనా, వాటికి ప్రత్యేక ప్రయోజనం లేదని స్పష్టంగా రుజువైతే తప్ప, తమ వంతు కట్టవలసిందే. వివాదం కోర్టుకెక్కితే రుజువు చేయవలసిన భారం నగరానిదే.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఆ ఇంజనీరు నివేదికే. మా వీధి దీపం నా గుమ్మానికి వెలుగునిస్తుంది, నిజమే; కానీ పక్క పేట నుంచి ఇటుగా కారులో వెళ్లేవారికీ ఇస్తుంది. ఆ రెండో రకం ప్రయోజనం అందరిదీ గనుక దాని వాటాను విడదీసి, నా మీద వేయకుండా ఇతర నిధుల నుంచి భరించాలి. ఇంటి ధర మొత్తంగా పెరుగుతుందన్న మాట ప్రత్యేక ప్రయోజనం కిందికి రాదని ప్రపోజిషన్ 218 సవరణే చెబుతోంది. చీకటిని పంచిపెట్టడం సులువు గానీ వెలుగును వాటాలు వేయడం ఎంత కష్టమో ఆ పట్టికలు చూస్తే తెలుస్తుంది.

ఓట్ల లెక్కింపు మరీ విచిత్రం. తిరిగి వచ్చిన పత్రాలనే లెక్కిస్తారు, అదీ తలకొకటిగా కాదు, కట్టవలసిన డాలర్లను బట్టి. నా వంతు 50 డాలర్లు, ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయం వంతు 5,000 డాలర్లు అనుకుంటే, ఆ యజమాని ఓటు నా ఓటుకు 100 రెట్లు తూగుతుంది. వ్యతిరేకత బరువు సమ్మతిని మించితే ప్రతిపాదన వీగిపోయినట్టే. డబ్బు కట్టేవాడిదే మాట అన్న తర్కం నాకు అర్థమవుతుంది గానీ, అదే దీపం కింద నడిచే అద్దెదారుకు సాధారణంగా ఓటే లేకపోవడం మింగుడుపడలేదు.

కొత్త ఇళ్లు కొన్న మన తెలుగువారు తరచుగా తిట్టుకునే మెల్లో రూస్ ఇది కాదు. 1982 నాటి ఆ చట్టం కింద వసూలయ్యేది ప్రత్యేక పన్ను. మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అయితే ఇంకా జనం చేరని భూమిలో ఓటు భూయజమానిదే కాబట్టి, చాలాచోట్ల బిల్డరు ఒక్కడే ఓటేసి పోతాడు, కట్టేది మనం.

హైదరాబాదు శివార్లలో మా నాన్నగారి ప్లాటుకు ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) రుసుము కట్టిన రోజు గుర్తుకొచ్చింది. అక్కడ బెటర్‌మెంట్ చార్జీలైనా, క్రమబద్ధీకరణ రుసుమైనా అనుమతి కావలసిన వేళ ఒక్క మొత్తంగా కట్టేస్తాం. ఆ డబ్బు మా కాలనీ మురుగు కాలువకే వెళ్లాలన్న బంధం రసీదులో ఎక్కడా కనిపించలేదు, మేమూ అడగలేదు.

నేను సమ్మతి తెలుపుతూ సంతకం చేసి పంపాను. పాత మొత్తానికి ధరల పెరుగుదలను అనుసరించే వీలు లేకపోవడంతో లోటు ఏర్పడిందని, ఈసారి ఆ వీలును ప్రతిపాదనలోనే చేర్చారని నివేదికలో ఉంది. అంటే ధరల పెరుగుదలను దాటనంత వరకు ఏటా పెంచడానికి మళ్లీ మా ఓటు అడగనక్కరలేదు. విచారణ రోజున హాలులో కుర్చీలు చాలావరకు ఖాళీగానే ఉన్నాయి. ప్రతిపాదన నెగ్గింది. ఈసారి వచ్చిన బిల్లులో ముందుగా అడుగు వరుసలే చదివాను.