టర్బైన్ బ్లేడు ఏ దిశలో పెరగాలి?

జెట్ ఇంజన్ టర్బైన్‌లోని నికెల్ మిశ్రమలోహపు బ్లేడును ఒకే స్ఫటికంగా పోతపోస్తారని చెప్పినప్పుడు, రేణువుల (లోహంలోని చిన్న చిన్న స్ఫటికాల) సరిహద్దులు లేనందువల్ల అది తీవ్రమైన వేడిలోనూ తొందరగా సాగిపోదన్న సంగతినే చాలామంది ప్రస్తావిస్తారు. నా దృష్టిలో అంతకంటే ఆసక్తికరమైనది ఆ స్ఫటికపు దిశ. నికెల్ పరమాణువులు ముఖకేంద్రిత ఘనాకారంలో, అంటే ఘనపు మూలల్లోనూ ప్రతి ముఖం మధ్యలోనూ, అమరి ఉంటాయి; ఆ ఘనపు అంచు వెంబడి లాగితే యంగ్ గుణకం (సాగదీతకు లోహం ఎంత గట్టిగా ఎదురు నిలుస్తుందో చెప్పే కొలత) సుమారు 130 గిగాపాస్కళ్లు, ఘనం లోపలి గుండా ఒక మూల నుంచి ఎదుటి మూలకు లాగితే సుమారు 300. దృఢంగా ఉండే దిశనే ఎంచుకోవాలని ఎవరికైనా తోస్తుంది. కానీ ఇంజన్ వేడెక్కి చల్లబడే ప్రతిసారీ, వ్యాకోచానికి అడ్డు తగిలిన చోట పుట్టే ప్రతిబలం (లోహం లోపలి ఒత్తిడి) ఈ గుణకాన్ని బట్టే పెరుగుతుంది కనుక, బ్లేడు పొడవును ఘనపు అంచు దిశలోనే ఉంచుతారు.

అదృష్టవశాత్తూ, ద్రవలోహం గడ్డకట్టేటప్పుడు కొమ్మలు వేస్తూ వేగంగా పెరిగేదీ ఆ దిశలోనే. అచ్చు అడుగున చల్లని రాగి పలక మీద ఎన్నో స్ఫటికాలు మొలుస్తాయి. వాటిలో ఒక్కటే పందితోక లాంటి సన్నని మెలికదారి గుండా బయటపడి బ్లేడంతా నిండుతుంది. అయితే ఆ మెలిక స్ఫటికాల సంఖ్యను తగ్గిస్తుందే తప్ప దిశను సరిచేయదు. ఆ పని కింది భాగంలో, వేగంగా పెరిగే స్ఫటికాలు ఒరిగినవాటిని వెనక్కి నెట్టే పోటీలోనే చాలావరకు ముగుస్తుంది. అందుకే పోత పూర్తయ్యాక ఎక్స్-రేతో దిశను పరీక్షించి, ఎక్కువగా ఒరిగిన బ్లేడులను పక్కన పెడతారు. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ ఇలాంటి ఏకస్ఫటిక బ్లేడులను 60 తయారుచేసి, హెలికాప్టర్ ఇంజన్ కోసం 2021లో విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్‌కు (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) అందించింది.