అభివృద్ధిని నేను కూలి రేటుతోనే కొలుస్తాను

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్లు తయారవడం మొదలైనప్పటి నుంచి, బయటివాళ్లు ఎవరు కలిసినా "మీకింకేం, డెవలప్ అయిపోయారు" అంటున్నారు. కాదనను. హైవే పక్కన ఎకరం ధర ఎక్కడికో పోయింది. ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలకు బెంగళూరు పోకుండానే ఉద్యోగాలు దొరికాయి. మా తమ్ముడు కూడా అక్కడే ఒక విడిభాగాల కంపెనీలో చేస్తున్నాడు. మరి సెంటు భూమి లేని, బడి మొహం చూడని మా అమ్మ ఈడు ఆడవాళ్ల సంగతి? నేను హిందూపురంలో ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాస్తాను. నేను చూసినంతలో వాళ్ల బతుకును మార్చిన అంకె ఒక్కటే, రోజు కూలి.

అమ్మ శెనక్కాయ పనులకు పోయేది. విత్తనం వేసే ముందు కాయలు ఇంటికే తెచ్చుకుని ఒలిచేది. మిషన్‌లో వేస్తే గింజ బద్దలవుతుంది, పైపొర ఊడుతుంది, మొలక సరిగా రాదు. అందుకే చేత్తోనే ఒలవాలి. సగం బస్తా అయ్యేసరికి బొటనవేలు వాచిపోయేది. గోరు పక్కన తోలు లేస్తే గుడ్డపీలిక చుట్టుకుని మళ్లీ కూర్చునేది. శేరుకింత అని కూలి. ఎంతిస్తే అంత. వానల్లేని ఏడాది ఆ పనీ ఉండదు, పనుందా అని రైతుల ఇళ్లకు తనే వెళ్లి అడిగేది.

ఉపాధి హామీ పథకం మా ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న మొదలైంది. కొన్నాళ్లకు మా ఊళ్లో చెరువు పూడిక తీశారు. తవ్విన మట్టి కొలతను బట్టి డబ్బులు, ఆడామగా అందరికీ ఒకటే రేటు. మా ఊళ్లో అలాంటిది అంతకుముందు లేదు. అయితే అసలు మార్పు రైతుల పొలాల్లో కనిపించింది. ఒక సాయంత్రం కాయ పీకడానికి మనుషులు కావాలని రైతే మా ఇంటి ముందుకొచ్చి పాత రేటు చెప్పాడు. "ఆ రేటుకు రాలేములేన్నా, చెరువు పనికి పోతాండాము" అనింది అమ్మ. ఆయన కాసేపు ఆలోచించి ఇరవై పెంచాడు, ఆటో కూడా పంపిస్తానన్నాడు.

ఇది మా ఊరి ముచ్చట మాత్రమే కాదు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి రాష్ట్రంలో 157 మండలాల్లో దీన్నే పరిశీలించారు. వేలిముద్ర చూసి డబ్బిచ్చే స్మార్ట్‌కార్డులతో ఉపాధి డబ్బులు సక్రమంగా అందిన చోట పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. అందులో 86 శాతం పథకం డబ్బు కాదు, బయట పనుల్లో వచ్చిందే. 'వద్దు' అనే ధైర్యం చిక్కితే బయట కూలి కూడా పెరుగుతుంది.

పేదరికాన్ని లెక్కగట్టడానికి కేంద్రం వేసిన టెండూల్కర్ కమిటీ పద్ధతిలో చూస్తే ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పేదరికం 2004-05లో 32.3 శాతం, 2011-12లో 11 శాతం. బాగా తగ్గింది, సంతోషమే. కానీ 2011-12లో ఆ పేదరికపు గీత మనిషికి నెలకు 860 రూపాయల ఖర్చు. ఐదుగురున్న ఇంటికి 4,300. ఒక్కసారి ఆస్పత్రిలో చేరితే మళ్లీ గీత కిందికే. పైగా 2014-15 తర్వాత ఏడెనిమిదేళ్లు, ధరల పెరుగుదల తీసేస్తే, దేశంలో వ్యవసాయ కూలి ఏడాదికి ఒక శాతం కూడా పెరగలేదు. అవే ఏళ్లలో జీడీపీ ఎంత పెరిగిందో రోజూ టీవీలో విన్నాం. ఆ పెరిగిందంతా ఎవరి ఇంటికి పోయిందని అడగకుండా ఎలా ఉంటాం?

కూలి పెరిగితే చిన్న రైతు నలిగిపోతాడన్న మాటా నిజమే. మూడెకరాలున్న మా బాబాయి అమ్మతో వాదన పెట్టుకునేవాడు. "నువ్వు కూలి పెంచమంటావు, నా శెనక్కాయకు రేటు ఎవురు పెంచుతారు వదినా?" ఆ ప్రశ్నకు మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. వానను నమ్ముకున్న శెనక్కాయ మీద ఇద్దరూ బతకడం కష్టం. హంద్రీ-నీవా కాలువ నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరుకు వచ్చాక బాబాయి బోరు పుంజుకుంది. ఎకరంన్నరలో మల్బరీ పెట్టి, పట్టుపురుగులకు షెడ్డు వేసుకుని, పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్‌కు తెస్తున్నాడు. గూటి ధర పడిపోయిన నెలల్లో టెన్షన్ తప్పదు. కానీ ఆకు కోతకు ఏడాది పొడవునా మనుషులు కావాలి. అమ్మతో పాటు మా వీధి ఆడవాళ్లు నలుగురు అక్కడికే పోతున్నారు. కూలి ఎంతో పురుగుల బ్యాచ్ మొదలయ్యే ముందే మాట్లాడుకుంటున్నారు.