సెయింట్ ఆండ్రూస్‌లో జనవరి గోల్ఫ్: చలికి ఏం వేసుకోవాలి

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో వేవర్లీ స్టేషన్ నుంచి లూకర్స్‌కు రైల్లో గంట, అక్కణ్ణుంచి సెయింట్ ఆండ్రూస్‌కు బస్సులో పావుగంట. అక్కడి గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్సులో ఆడదామని జనవరి మొదటివారంలో నలుగురం వెళ్లాం. ఆ రోజుల్లో అక్కడ ఎనిమిదిన్నర దాటితే గానీ పొద్దు పొడవదు, నాలుగింటిలోపే గూకుతుంది. ఫోన్ 5 డిగ్రీలు చూపిస్తోంది. ఆ అంకె ఒక్కటే చూసి బట్టలు సర్దుకోకూడదు. గంటకు 30 కిలోమీటర్ల గాలి తోడైతే ఆ 5 డిగ్రీలు ఒంటికి సున్నాలాగే తగులుతాయి. పక్కనే సముద్రం, గాలిని ఆపే చెట్ల వరసలు లేవు.

గోల్కొండ నయాఖిలా కోర్సులో సంక్రాంతి ముందు తెల్లవారుజామున చేతుల్లేని స్వెటర్ ఒకటి చాలు. ఆ అలవాటుతో వచ్చినవాళ్లు సాధారణంగా మందపాటి కోటు ఒక్కటి కొనేసి సరిపోతుందనుకుంటారు. మాలో ఒకరు అదే వేసుకొచ్చారు. క్లబ్ (గోల్ఫ్ కర్ర) వెనక్కి ఎత్తగానే చంక దగ్గర గుడ్డ ముద్దకట్టి భుజం తిరగనివ్వలేదు. పైగా ఇక్కడ నాలుగు గంటలు నడిచి ఆడాలి. రెండో హోల్ (బంతిని గుంటలోకి చేర్చే ఒక్కో అంచె) దాటేసరికి లోపల చెమట, విప్పితే వణుకు. మధ్యలో తగ్గించుకోవడానికి ఇంకో పొర లేదు.

అందుకే పలచటి పొరలు మూడు నాలుగు కావాలి. ఒంటికి అంటుకునేది మెరినో ఉన్నిది గానీ పాలిస్టర్‌ది గానీ ఉండాలి. నూలు బనియన్ అసలు పనికిరాదు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోయి ఒంట్లో వేడి లాగేస్తుంది. దాని మీద పలచటి ఫ్లీస్, ఆపైన చేతుల్లేని జాకెట్. ఛాతీ, వీపు వెచ్చగా ఉంటే చాలు, చేతుల మీద బరువు ఎంత తగ్గితే అంత మంచిది. అన్నిటికీ పైన గాలినీ వాననూ ఆపే, సాగే గుడ్డతో చేసిన జాకెట్. కొనేముందు అన్నీ కలిపి తొడుక్కుని పదిసార్లు పూర్తిగా స్వింగ్ చేసి చూడండి. లోపలి చొక్కా బెల్టులోంచి పైకి వచ్చేస్తే పొడవు చాలదన్నమాట, ఆ సందులోంచే నడుముకు గాలి కొడుతుంది.

కాళ్లకు థర్మల్ (వెచ్చటి లోప్యాంటు) మీద గోల్ఫ్ ప్యాంటు, జీన్స్ వద్దు. మేజోళ్లు ఉన్నివి ఒక్క జత చాలు. రెండు జతలు తొడిగితే షూ బిగిసి రక్తం సరిగా ఆడదు, వేళ్లు ఇంకా త్వరగా మొద్దుబారతాయి.

ఆ ఉదయం మంచు పేరుకుని కోర్సు ఆలస్యంగా తెరిచారు. గడ్డకట్టిన గడ్డి మీద అడుగేస్తే ఆకు విరిగి, ఆ పాదముద్రలు రోజుల తరబడి నల్లగా ఉండిపోతాయి. అలా నిలబడి ఎదురుచూసేటప్పుడు పెద్ద కోటు పనికొస్తుంది. టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) మీదికి వెళ్లేముందు దాన్ని విప్పేయాలి. మొదటి హోల్‌లో కాస్త చలేస్తేనే మూడో హోల్‌కు సరిగ్గా ఉంటుంది.

అన్నిటికన్నా ముందు చచ్చుబడేవి చేతివేళ్లు. ఒక చేతికే గ్లవ్ వేసే అలవాటు మానుకుని, రెండు చేతులకూ చలికాలపు గోల్ఫ్ గ్లవ్స్ తొడగాలి. షాట్‌కూ షాట్‌కూ మధ్య వాటి మీద వదులైన మిటెన్స్ (నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే తొడుగులు). చలికాలంలో ఓల్డ్ కోర్సు ఫెయిర్‌వే (టీకీ గుంటకీ మధ్య కత్తిరించిన గడ్డి) మీద చిన్న మ్యాట్ పరిచి, బంతిని దాని మీద పెట్టి కొట్టాలి. ప్రతిసారీ వంగి తడి మ్యాట్‌ను పరిచి తీస్తుంటే అయిదారు హోల్స్‌కే వేళ్లకొసలు నానిపోయాయి. రెండో జత గ్లవ్స్ తప్పకుండా ఉండాలి, అదీ జిప్ కవర్‌లో పొడిగా.

చేతులు వెచ్చబెట్టే చిన్న ప్యాకెట్లలో ఉండేది ఇనుప పొడి. గాలి తగిలితేనే అది వేడెక్కుతుంది. ఆట మొదలయ్యే టీ టైముకు పావుగంట ముందే కవరు చించాలి. వాటర్‌ప్రూఫ్ జేబులో పెట్టి జిప్ వేస్తే గాలి అందక చల్లారిపోతుంది. బయటికి తీసి నాలుగుసార్లు కదిపితే మళ్లీ రాజుకుంటుంది. ఆ జేబులో బంతులు మాత్రం పెట్టకండి. కావాలని వేడిచేసిన బంతితో కొట్టడం నిబంధన 4.2 ప్రకారం నిషిద్ధం, పోటీలో అయితే అనర్హులవుతారు. చలికి బంతి దూరం తగ్గే మాట నిజమే. 30 డిగ్రీలతో పోలిస్తే 5 డిగ్రీల దగ్గర గాలి సుమారు 9 శాతం ఎక్కువ చిక్కగా ఉంటుంది. 7 ఐరన్ క్లబ్ తీసే చోట ఇంకాస్త దూరం పంపే 6 తీయండి, బలంగా కొట్టబోకండి.

ఆ రోజు ఆగ్నేయపు గాలి. కోర్సు చివర ఉన్న ఈడెన్ నదీముఖం వరకు వీపు తోస్తూ వచ్చింది కాబట్టి చలి తెలియలేదు. 12వ హోల్ నుంచి తిరుగుముఖం పట్టగానే అదే గాలి ముఖాన కొట్టింది. గాలి తగిలాక కాదు, 11వ గ్రీన్ (గుంట చుట్టూ నున్నటి గడ్డి) దిగుతూనే మెడపట్టీని ముక్కుదాకా లాక్కుని జిప్ గడ్డందాకా వేసుకోవాలి. ఒకసారి ఒళ్లు చల్లబడితే నడకతో మళ్లీ వెచ్చబడడానికి మూడు హోల్స్ పడుతుంది.

గదికి చేరాక షూ లేసులు పూర్తిగా వదులు చేసి, లోపల న్యూస్‌పేపర్ కుక్కి, గంట తర్వాత ఆ తడి కాగితాలు తీసేసి కొత్తవి పెట్టాం. గ్లవ్స్‌ను రేడియేటర్ మీద వేయకుండా పక్కన కుర్చీకి తగిలించాం. మర్నాడు పొద్దున న్యూ కోర్సుకు బయల్దేరేసరికి రెండూ ఆరిపోయి ఉన్నాయి.