ఒకటి పాయింట్ ఎనిమిది

ఆదివారం పూట నాలుగున్నరకే లేచానని అమ్మ నా నుదుటి మీద చెయ్యేసి చూసింది. జ్వరం కాదమ్మా, లెన్సు. శుక్రవారం చేతికొచ్చింది. 50 ఎం.ఎం., అపర్చర్ 1.8. అపర్చర్ అంటే వెలుతురు లోపలికొచ్చే కన్నం, అంకె తగ్గేకొద్దీ కన్నం పెద్దది.

కెమెరాతో పాటొచ్చిన నా పాత కిట్ లెన్సుని జూమ్ చేసి 50 దగ్గర పెడితే 5.6 కన్నా తెరుచుకోదు. 50ని 5.6తో భాగిస్తే 9 మిల్లీమీటర్లు, అంటే శనగగింజంత కన్నం. అదే 1.8తో భాగిస్తే 28 దాకా వస్తుంది, పది రూపాయల బిళ్ళకన్నా కాస్త పెద్దది. వెలుతురు ఇంచుమించు పదింతలు. ఈ లెక్క రెండ్రోజులుగా ఇంట్లో అందరికీ చెప్పి చెప్పి విసిగించాను.

ఫిషింగ్ హార్బర్ చేరేసరికి ఐదుంబావు. లెన్సు మూత తీసి చూద్దును కదా, అంతా పొగమంచు! రాత్రంతా ఏసీ గదిలో ఉన్న అద్దానికి మన వైజాగ్ గాలి తగిలితే ఇంకేమవుతుంది. చొక్కా అంచుతో తుడవబోయి ఆగాను. ఉప్పుగాలికి జిడ్డెక్కిన చొక్కా, కొత్త అద్దం. టీ తాగుతూ పది నిమిషాలు కూర్చుంటే ఆవిరి దానంతటదే పోయింది.

ఇంకా తెల్లారలేదు. బల్బుల కింద వేలం పాటలు, తడి నేల, ఐసు పెట్టెలు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం కదా, లెన్సు అప్పుడు కొనుంటే ఈ సందడి దొరికేది కాదు. ఒక కుర్రాడు పారతో చేపల మీద ఐసు విసురుతున్నాడు. ఈ చీకట్లో కిట్ లెన్సయితే షట్టర్ సెకనులో 15వ వంతు సేపు తెరిచి ఉంచాలి, ఫొటోలో చేతులు అలికేసినట్టుండేవి. ఇప్పుడు 125వ వంతు. పార అంచు నుంచి లేచిన ఐసు ముక్కలు గాల్లో దేనికది విడివిడిగా ఆగిపోయాయి. ఆ ఒక్క ఫొటోతో పెట్టిన డబ్బులు వచ్చేశాయనుకున్నా.

ఆ ఊపులో గంప ముందు కూర్చున్న ఒక పెద్దావిడని అడిగి ఫొటో తీశాను. మీటరు దూరంలో 1.8 పెడితే స్పష్టంగా పడేది రెండున్నర సెంటీమీటర్ల మేరే. మొదటిసారి ముక్కుపుడక తళతళా వచ్చింది, కళ్ళు మసక. నేను ఊపిరి బిగబట్టినా ఆవిడ బేరం ఆపదు, తల ఆడుతూనే ఉంటుంది. నాలుగోసారికి కన్ను దొరికింది. వెనక పడవల దీపాలన్నీ గుండ్రటి పసుపు బొట్లు. గర్వంగా చూపించాను.

ఆవిడ తెర మీదకి వంగి చూసి, "ఏటి బాబూ, మొకం ఒక్కటే తీసినావు? నా గంప ఏటైపోనాది?" అంది.

నిజమే. గంప స్థానంలో వెండి రంగు మరక. అప్పటికి కాస్త వెలుగొచ్చింది. గంప కూడా స్పష్టంగా పడేలా అపర్చర్ 8 పెట్టి కన్నం చిన్నది చేసి, రెండడుగులు వెనక్కి జరిగాను. ఆవిడ కొంగు సర్దుకుని, గంపలోంచి వంజరాన్ని తోకతో సహా పైకెత్తి పట్టుకుంది. అన్నీ పడ్డాయి: చేప, గంప, పక్కవాళ్ళ ప్లాస్టిక్ బకెట్, నా చెప్పు కొస. బోణీ బేరమని అరకిలో కవళ్ళు అనే చిన్న చేపలు కొనక తప్పలేదు.

వస్తూ వస్తూ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర ఆగాను కానీ అప్పటికే ఎండ మండిపోతోంది. నా కెమెరా షట్టర్‌కి సెకనులో 4000వ వంతే ఆఖరు, అది పెట్టినా 1.8 దగ్గర ఇసుకంతా తెల్లసున్నం. పగటిపూట దాన్ని తెరవడమే దండగ.

ఇంటికొచ్చి రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూశా. నాకు నచ్చింది మసక గంపదే. ప్రింటుకి మాత్రం రెండోదే పంపాను, వచ్చే ఆదివారం ఆవిడకివ్వాలి. అమ్మ భుజం మీంచి తొంగిచూసి, "అంత మంచి వంజరం కళ్ళెదుట పెట్టుకుని కవళ్ళు తెచ్చావేరా?" అంది.